షైలాక్, ఫేగిన్, ఇంకా కొందరు: కల్పనలో యూదు పాత్రల గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో షేక్స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకం మీద వచ్చిన వ్యాసంలో, అందులోని యూదు వడ్డీ వ్యాపారి షైలాక్‌ను ఒక వ్యక్తిగా కాక యూదుల గురించి యూరప్ తయారుచేసుకున్న మూసలలో ఒకటిగా చదవాలని రాశాము. దానికి సమ్మతిస్తూ కొందరు, గట్టిగా అభ్యంతరం చెబుతూ మరికొందరు ఉత్తరాలు రాశారు. ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే ఇస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాము.

ప్రశ్న: నేను ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తాను. 'యూదుడికి కళ్లు లేవా?' అన్న షైలాక్ మాటలు చదివినప్పుడు తరగతి అంతా అతడి పక్షం వహిస్తుంది. న్యాయస్థాన ఘట్టానికి వచ్చేసరికి ఆ పిల్లలే అతడు ఓడిపోయాడని సంబరపడతారు. షేక్స్పియర్ యూదులను ద్వేషించాడా అని ఒక విద్యార్థి అడిగితే నాకు జవాబు తోచలేదు. ఏమని చెప్పాలి?

జవాబు: మీ విద్యార్థుల తీరులో వింత ఏమీ లేదు, ఈ నాటకం చూసేవారి చేత చేయించే పనే అది. రచయిత మనసులో ఏముందో నాటకాన్ని బట్టి తేల్చలేము కాబట్టి, ఆ విద్యార్థిని మీరు తిరిగి ఇంకో ప్రశ్న అడగవచ్చు: ఈ నాటకం మొదట చూసిన లండన్ ప్రేక్షకుడు అంతకుముందు యూదుడిని ఎక్కడ చూసి ఉంటాడు? మొదటి ఎడ్వర్డ్ రాజు 1290లో యూదులందరినీ ఇంగ్లండు నుంచి వెళ్లగొట్టాడు. వాళ్లు మళ్లీ అక్కడ బహిరంగంగా నివసించగలిగింది అప్పటి ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్ హయాంలో, 1656 నుంచి. ఆ మూడున్నర శతాబ్దాల పైచిలుకు కాలంలో, పైకి క్రైస్తవులుగా బతుకుతూ వచ్చిన కొద్ది కుటుంబాలను మినహాయిస్తే, సగటు ఆంగ్లేయుడికి యూదుడంటే చర్చి ప్రసంగాల్లోనూ, పాటల్లోనూ, నాటకాల్లోనూ తెలిసినవాడే తప్ప ఎదురుగా చూసినవాడు కాడు. మనుషులు కనబడని చోట మూస ఎంత హాయిగా బతుకుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. దాన్ని కాదనడానికి పొరుగింటివాడు ఒక్కడూ ఉండడు.

షేక్స్పియర్‌కు ముందే క్రిస్టొఫర్ మార్లో 'జ్యూ ఆఫ్ మాల్టా' అనే నాటకం రాశాడు. అందులోని బరబాస్ ఒక మఠంలోని సన్యాసినులందరికీ, వాళ్లతో పాటు తన కన్నకూతురికీ విషం పెట్టి, చివరికి పరుల కోసం తాను సిద్ధం చేసిన సలసల కాగే కొప్పెరలో తానే పడి చస్తాడు. ఎలిజబెత్ రాణికి వైద్యుడైన రొడెరీగో లోపెజ్ పోర్చుగల్ నుంచి వచ్చిన యూదు మూలాలవాడు. రాణికి విషం పెట్టడానికి కుట్ర చేశాడన్న అభియోగం మీద 1594లో అతడికి మరణశిక్ష అమలు చేశారు. మార్లో నాటకాన్ని ఆ ఏడాది పదేపదే ప్రదర్శించారు. షైలాక్ ఆ వాతావరణంలో పుట్టినవాడు.

ఇక ఆ ప్రసంగం సంగతి. దాన్ని ఎత్తిరాసేవాళ్లు సాధారణంగా సగంలో ఆపేస్తారు. మూడో అంకం మొదటి రంగంలో, కూతురు ఇల్లు విడిచి పారిపోయినందుకు ఇద్దరు వెనిస్ పౌరులు షైలాక్‌ను ఎగతాళి చేస్తున్నప్పుడు అతడు ఆ మాటలు అంటాడు. మాకూ చేతులున్నాయి, ఇంద్రియాలున్నాయి, గుచ్చితే మాకూ రక్తం కారుతుంది అని మొదలుపెట్టి, మీరు మాకు కీడు చేస్తే మేము పగ తీర్చుకోవద్దా అన్న చోటికి చేరతాడు. అంటే మానవ సమానత్వం గురించి మొదలైన వాదం పగకు సమర్థనగా ముగుస్తుంది. అయితే ఆ పగకు నాటకంలోనే కారణం ఉంది. తన దగ్గర అప్పు అడగవచ్చిన క్రైస్తవ వర్తకుడు ఆంటోనియో తన మీద ఉమ్మాడనీ, కుక్క అన్నాడనీ మొదటి అంకంలో షైలాక్ గుర్తుచేస్తే, ఆంటోనియో దాన్ని కాదనడు సరికదా, మళ్లీ అలాగే చేస్తానంటాడు. వేరే ఏ హాస్యనాటకంలోనైనా ఈ ఒక్క సంభాషణ చాలు, ప్రేక్షకుడు ఆంటోనియోను వదిలేయడానికి. ఇక్కడ వదలడు, ఎందుకంటే నాటక నిర్మాణం అటువైపు మొగ్గి ఉంది. అప్పు తీరలేదు కాబట్టి పత్రం ప్రకారం ఆంటోనియో ఒంటి మాంసం కోసుకుంటానని పట్టుబట్టిన షైలాక్ న్యాయస్థానంలో ఓడిపోతాడు, అతడి ఆస్తిని పంచేస్తారు, మతం మారాలని శాసిస్తారు. ఆ కాలపు ప్రేక్షకుల్లో చాలామందికి ఆ మతమార్పిడి అతడి ఆత్మకు జరిగిన మేలుగా తోచి ఉండవచ్చు. ఐదో అంకంలో వెన్నెల, సంగీతం, ఉంగరాల సరసం ఉంటాయి, షైలాక్ ఉండడు.

నా అభిప్రాయం ఇది: షేక్స్పియర్ చేతికి వచ్చింది అరిగిపోయిన బొమ్మ. ఆ బొమ్మలో పట్టనంత మాటను అతడు దాని నోట పెట్టాడు, కానీ బొమ్మను పక్కన పెట్టలేదు. అందువల్లనే నటులు ఈ పాత్రను ఇన్ని రకాలుగా లాగగలిగారు. విదూషకుడిలా ఆడుతూ వచ్చిన షైలాక్‌ను 1741లో చార్లెస్ మాక్లిన్ భయంకరమైన ప్రతినాయకుడిగా మార్చాడు. 1814లో ఎడ్మండ్ కీన్, రంగస్థలం మీద ఆనవాయితీగా వచ్చిన ఎర్ర విగ్గును తీసేసి నల్ల విగ్గు పెట్టుకుని, గాయపడిన మనిషిగా నటించి చూపించాడు. వియన్నాలో 1943లో, ఆ నగరపు యూదులలో అత్యధికులు దేశం విడిచిపోయిన లేదా నిర్బంధ శిబిరాలకు తరలింపబడిన తర్వాత, వెర్నర్ క్రౌస్ అదే పాత్రను నాజీలకు నచ్చే విధంగా ఆడాడు. నాటకం ఒక్కటే, మూడు ప్రదర్శనలకూ అందులో చోటు దొరికింది. మీ తరగతిలో ఈ మూడు ప్రదర్శనల గురించి చెప్పి, నాటకంలోని ఏయే పంక్తులు ఒక్కొక్క నటుడికి ఆసరా ఇచ్చాయో పిల్లల చేతనే వెతికించండి. రచయిత ద్వేషించాడా లేదా అన్న ప్రశ్నకంటే దానివల్ల ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్న: మధ్యయుగాల్లో యూదులు నిజంగానే వడ్డీ వ్యాపారం చేశారు కదా? ఉన్నదాన్ని ఉన్నట్టు రాస్తే మూస అనడం ఎందుకు?

జవాబు: చేసినవాళ్లు ఉన్నారు. ఎందుకు చేశారన్నది కథల్లో కనబడదు. క్రైస్తవులు వడ్డీకి అప్పివ్వడాన్ని చర్చి పాపంగా ప్రకటించింది. అదే సమయంలో యూరప్‌లోని చాలా ప్రాంతాల్లో యూదులకు భూమి కొనే హక్కు, వృత్తి సంఘాలలో చేరే హక్కు లేకుండా చేశారు. రాజులకు, ప్రభువులకు మాత్రం అప్పు కావాలి. ఆ అప్పు ఇచ్చేవారి మీద ఎప్పుడు పడితే అప్పుడు పన్ను వేసే వీలూ కావాలి. ఇంగ్లండులో ఈ లావాదేవీల అజమాయిషీకి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ విభాగమే ఉండేది. యూదులను పిండి రాబట్టవలసినంత రాబట్టాక, 1275లో వాళ్లకు వడ్డీ వ్యాపారాన్ని నిషేధించి, పదిహేనేళ్లకు దేశం నుంచే తరిమేశారు.

వెనిస్ పరిస్థితి ఇంకో రకం. 1516లో ఆ నగర పాలకులు యూదులను ఒక చిన్న ప్రాంతానికి పరిమితం చేసి, రాత్రిపూట ద్వారాలు మూసి కాపలా పెట్టారు. అక్కడ ఉండనివ్వాలంటే నగరంలోని పేదలకు తాకట్టు మీద అప్పులిచ్చే దుకాణాలు నడపాలన్నది యూదులకు పెట్టిన షరతులలో ఒకటి. ఒక పనిని మనిషికి అంటగట్టి, ఆ పని చేస్తున్నాడని అసహ్యించుకోవడం ఇక్కడ జరిగింది. షేక్స్పియర్ నాటకంలో ఆ ద్వారాల ఊసే లేదు.

మూస అనడానికి రెండో కారణం ఎంపిక. ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్‌కు భారీగా అప్పులిచ్చిన బార్డి, పెరుట్సి సంస్థలు ఫ్లారెన్స్ నగరపు క్రైస్తవ కుటుంబాలవి. వడ్డీ వ్యాపారంలో ఇటలీ క్రైస్తవులు అంతగా పేరుపడ్డా, ఆ మతమూ ఆ వృత్తీ విడదీయరానివని ఎవరూ కథలు అల్లలేదు. మరోవైపు, తూర్పు యూరప్‌లోని లక్షలాది యూదులు దర్జీలు, చెప్పులు కుట్టేవారు, బండి తోలేవారు, మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. వీళ్లలో ఎక్కువమంది నిరుపేదలు. యూదేతరులు రాసిన పందొమ్మిదో శతాబ్దపు యూరప్ నవలల్లో ఈ దర్జీ ఎంత అరుదుగా కనిపిస్తాడో, వడ్డీ వ్యాపారి ఎంత తరచుగా కనిపిస్తాడో పోల్చి చూడండి. ఉన్నదాన్ని ఉన్నట్టు రాశారన్న వాదన అక్కడే వీగిపోతుంది.

ప్రశ్న: ఒక పాఠకురాలి ఉత్తరం వల్ల డికెన్స్ తన నవలను మార్చాడని ఎక్కడో చదివాను. ఇది నిజమేనా, కట్టుకథా?

జవాబు: నిజమే. ఉత్తరాల మీద బతికే ఈ శీర్షికకు అది ఇష్టమైన ఉదంతం కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

'ఒలివర్ ట్విస్ట్' 1837 నుంచి 1839 వరకు ధారావాహికగా వచ్చింది. అనాథ పిల్లలకు జేబులు కొట్టడం నేర్పించే ముసలి ఫేగిన్‌ను డికెన్స్ పేరుతో పిలిచిన దానికి దీటుగా 'ఆ యూదుడు' అని పిలుస్తాడు. తొలి ప్రతిలో ఆ మాట వందల సార్లు వస్తుంది. జార్జ్ క్రూయిక్‌షాంక్ వేసిన బొమ్మలు వంకర ముక్కును, చిరుగు అంగీని పాఠకుడి కళ్లలో ముద్రవేశాయి. 1860లో డికెన్స్ లండన్‌లోని తన ఇంటిని జేమ్స్ డేవిస్ అనే యూదు కుటుంబీకుడికి అమ్మాడు. మూడేళ్ల తర్వాత ఆయన భార్య ఎలైజా డేవిస్ ఒక ధర్మకార్యానికి విరాళం కోరుతూ డికెన్స్‌కు ఉత్తరం రాసి, అందులోనే ఫేగిన్ ప్రస్తావన తెచ్చింది. పేదల పక్షాన ఇంతగా రాసిన రచయిత, తన జాతి మీద నీచమైన దురభిప్రాయానికి ఊతమిచ్చాడని ఆమె ఫిర్యాదు.

డికెన్స్ మొదట సమర్థించుకున్నాడు. కథ జరిగిన కాలంలో ఆ తరహా నేరస్థులు దాదాపుగా యూదులేననీ, నవలలోని మిగతా దుర్మార్గులందరూ క్రైస్తవులే కదా అనీ జవాబిచ్చాడు. రెండో వాదన పైకి న్యాయంగానే కనిపిస్తుంది, కానీ నిలవదు. తనను ప్రేమించిన నాన్సీని కొట్టి చంపిన దొంగ బిల్ సైక్స్‌ను నవలలో ఎవరూ 'ఆ క్రైస్తవుడు' అనరు. సైక్స్ దుర్మార్గం సైక్స్‌దే. ఫేగిన్ దుర్మార్గం మాత్రం ప్రతి పుటలోనూ ఒక సమాజం మొత్తానికి ఖర్చు రాయబడుతుంది.

ఎలైజా డేవిస్ పట్టు వదలలేదు. ఆ తర్వాతి సంవత్సరం మొదలైన 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్' నవలలో డికెన్స్ రయా అనే వృద్ధ యూదుడిని సృష్టించాడు. ఈ పాత్ర వెనుక ఉన్న ఏర్పాటు చాలా తెలివైనది. అప్పులిచ్చి పీడించే సంస్థకు అసలు యజమాని ఫ్లెడ్జ్‌బీ అనే క్రైస్తవ యువకుడు. రయా అతడి కింద పనిచేసే గుమాస్తా మాత్రమే. వసూళ్ల దగ్గర నిలబెట్టడానికి ఫ్లెడ్జ్‌బీకి ఒక యూదు ముఖం కావాలి, ఎందుకంటే ఆ ముఖం చూశాక అసలు పీడకుడెవరని అడిగేవాళ్లు ఉండరు. మూస ఎవరికి లాభం తెచ్చిపెడుతుందో ఇంత సూటిగా చూపిన కథ ఆ శతాబ్దంలో మరొకటి నాకు తెలియదు. ఒక చోట రయా తన పని గురించి తానే ఆలోచించుకుని, ఇతర జాతుల్లో చెడ్డవాడు కనబడితే మంచివాళ్లూ ఉన్నారంటారు, మాలో మాత్రం అధముణ్ణి చూపించి అందరూ ఇంతే అంటారు అన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడి, అందుకే ఆ కొలువు వదిలేయాలని నిశ్చయించుకుంటాడు. 1867లో 'ఒలివర్ ట్విస్ట్' మళ్లీ అచ్చుకు వెళ్లినప్పుడు డికెన్స్ 'ఆ యూదుడు' అన్న మాటను, ముఖ్యంగా చివరి అధ్యాయాల్లో, చాలా చోట్ల కొట్టేశాడు. ఎలైజా డేవిస్ కృతజ్ఞతగా ఆయనకు హీబ్రూ బైబిల్ ప్రతిని కానుక ఇచ్చింది.

అంతా బాగానే ఉంది, కానీ రయాను చదివితే విసుగు పుడుతుంది. అతడికి కోపం రాదు, స్వార్థం లేదు, పొరపాటు జరగదు. ఫేగిన్‌కు ఉన్న ప్రాణం అతడికి లేదు. ప్రాయశ్చిత్తం కోసం పుట్టిన పాత్రలన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది.

ఇలాంటిదే ఇంకో ఉత్తరం ఉంది. ఐర్లండు రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్ 1812లో వచ్చిన ఒక నవలలో మోర్డికై అనే దుష్టుడైన యూదు బండ్ల తయారీదారును పెట్టింది. ఆమె రచనలను అభిమానించే ఒక అమెరికన్ యూదు ఉపాధ్యాయురాలు అది చదివి నొచ్చుకుని 1815లో ఆమెకు రాసింది. రాసినామె పేరు రేచల్ మోర్డెకై. అంటే దుష్టుడి పేరు తన ఇంటిపేరే. ఎడ్జ్‌వర్త్ తప్పు ఒప్పుకుని, 1817లో 'హారింగ్టన్' అనే నవలలో మంచి యూదు పాత్రలను చిత్రించింది. కానీ కథానాయకుడు ప్రేమించిన యూదు యువతి పెళ్లి వేళకు క్రైస్తవురాలిగా పెరిగిందని బయటపడుతుంది. ఆ మలుపు తనను నిరాశపరిచిందని రేచల్ మర్యాదగానే మళ్లీ రాసింది. వాళ్లిద్దరి మధ్య ఉత్తరాలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగాయి. డికెన్స్ ఉదంతం కంటే ఇదే నాకు విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఇక్కడ పాఠకురాలు సవరణతో కూడా సంతృప్తి పడలేదు.

ప్రశ్న: యూదుడి కూతురు ఎప్పుడూ అందగత్తె ఎందుకవుతుంది?

జవాబు: మంచి పరిశీలన. తండ్రి ముసలివాడు, లోభి. కూతురు సుందరి, ఉదార. ఆమె క్రైస్తవ యువకుడిని ప్రేమిస్తుంది. షైలాక్ కూతురు జెస్సికా తండ్రి సొమ్ము పట్టుకుని పారిపోయి మతం మారుతుంది, ప్రేక్షకులు దాన్ని దొంగతనంగా లెక్కపెట్టరు. 1819 చివర్లో వెలువడిన వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో'లో తండ్రి ఐజాక్ పాత మూసలోనే ఉన్నా, కూతురు రెబెక్కా దాన్ని చాలావరకు దాటింది. ఆమె వైద్యం తెలిసిన స్త్రీ, ప్రాణం మీదికి వచ్చినా మతం మార్చుకోదు, చివరికి తండ్రితో స్పెయిన్‌కు వెళ్లిపోతుంది. నాయకుడికి ఆమెనే ఇచ్చి పెళ్లి చేయవలసిందని పాఠకులు స్కాట్‌ను నిష్ఠూరమాడారు. నవలాకారుడు థాకరే 1850లో హాస్యంగా ఒక కొనసాగింపు రాసి ఆ పెళ్లి జరిపించాడు, అయితే రెబెక్కా మతం మార్చిన తర్వాతే. స్కాట్ చేయనిది థాకరే చేశాడు, అది కూడా సరదాకి.

ప్రశ్న: కథలో ఒక పాత్ర చెడ్డగా ఉన్నంత మాత్రాన లోకంలో ఎవరికైనా హాని జరుగుతుందా? కల్పనను ఇంత తీవ్రంగా పట్టించుకోవడం అతి కాదా?

జవాబు: చాలా సందర్భాల్లో మీరన్నది నిజం. ఒక నవల చదివి ఎవరూ కర్ర పట్టుకుని వీధిలోకి రారు. అయినా ఈ విషయంలో రెండు ఉదంతాలు తెలుసుకోవాలి.

మొదటిది: హెర్మన్ గోడ్షె అనే జర్మన్ రచయిత మారుపేరుతో 1868లో రాసిన 'బియారిట్జ్' నవలలో, ప్రాగ్ నగరంలోని శ్మశానంలో రాత్రివేళ యూదు తెగల ప్రతినిధులు రహస్యంగా కూడి ప్రపంచాన్ని చేజిక్కించుకునే పథకం వేసే అధ్యాయం ఒకటి ఉంది. అది పచ్చి కల్పన. కొన్నాళ్లకు ఆ అధ్యాయాన్ని విడదీసి, నిజంగా ఒక యూదు మతగురువు చేసిన ప్రసంగమంటూ కరపత్రాలుగా పంచారు. 1903లో సెయింట్ పీటర్స్‌బర్గ్ పత్రిక ఒకటి 'జియోను పెద్దల ప్రోటోకాల్స్' పేరిట ఇలాంటి రహస్య పథకాన్నే అచ్చువేసింది. 1921లో లండన్ 'టైమ్స్' విలేఖరి ఫిలిప్ గ్రేవ్స్ అందులోని పెద్ద భాగాలు ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చినవో వరసగా పక్కపక్కన పెట్టి చూపించాడు. అవి ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ నిరంకుశత్వాన్ని వెక్కిరిస్తూ మోరిస్ జోలి 1864లో రాసిన సంభాషణ గ్రంథంలోనివి. అది రాజకీయ తత్వవేత్తలు మాకియవెల్లి, మాంటెస్క్యూల మధ్య నరకంలో జరిగే సంభాషణ, అందులో యూదుల కుట్ర ఊసే లేదు. అమెరికాలో కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ పత్రిక ఈ నకిలీ ఆధారంగా వ్యాసాల మీద వ్యాసాలు వేసి, చివరికి 1927లో ఫోర్డ్ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికి ఆ పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ అచ్చవుతోంది.

రెండోది: జోసెఫ్ జూస్ ఒపెన్‌హైమర్ అనే యూదుడు జర్మనీలోని వ్యుర్టెంబర్గ్ ప్రభువుకు ఆర్థిక సలహాదారుగా ఉండి, ఆ ప్రభువు మరణించగానే అరెస్టయి 1738లో స్టుట్‌గార్ట్‌లో ఉరితీయబడ్డాడు. అతడి మీద లియోన్ ఫోయిష్ట్‌వాంగర్ 1925లో రాసిన నవల, అధికారం కోసం తహతహలాడి అన్నీ పోగొట్టుకున్న సంక్లిష్టమైన మనిషిని చూపిస్తుంది. రచయిత కూడా యూదుడే. 1940లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ పర్యవేక్షణలో ఫైట్ హార్లన్ తీసిన 'యూద్ జూస్' చిత్రం అదే చరిత్రను తీసుకుని, దానిలోని మనిషిని తీసేసి, కామాంధుడైన కుట్రదారును నిలబెట్టింది. నగరం నుంచి యూదులను వెళ్లగొట్టడంతో సినిమా ముగుస్తుంది. తన ఆధీనంలోని ఎస్ఎస్ అనే నాజీ సాయుధ దళాలు, పోలీసులు అందరూ దీన్ని చూడాలని వాటి అధిపతి హిమ్లర్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ చూసినవాళ్లలో ఎందరో తర్వాతి రెండు మూడేళ్లలో యూదుల సామూహిక హత్యల పనిలో నియుక్తులయ్యారన్నది తెలిసినదే. షైలాక్‌గా వియన్నాలో నటించాడని పైన చెప్పిన వెర్నర్ క్రౌస్ ఈ చిత్రంలో ఒకటికి మించి యూదు పాత్రలు వేశాడు.

ఒక చెడ్డ పాత్ర వల్ల హాని జరగదు నిజమే. ఒకే పాత్ర అయిదారు శతాబ్దాలుగా పేర్లు మార్చుకుంటూ వస్తే, ఎవడో దాన్ని వార్తగా ప్రకటించిన రోజున నమ్మడానికి జనం ముందుగానే సిద్ధమై ఉంటారు.

ప్రశ్న: మాయాలోకపు కథల్లో, అంతరిక్ష సినిమాల్లో యూదులే ఉండరు. అయినా అక్కడ కూడా ఈ మూస ఉందంటున్నారు. ఇది వెతికి పట్టుకున్న తప్పులా లేదూ?

జవాబు: కొన్నిసార్లు అలాగే ఉంటుంది. అయితే కొన్ని గుర్తులకు చరిత్ర ఉంది. కొక్కెం ముక్కు, బంగారం మీద ఆశ, బ్యాంకులపై పట్టు, తమలో తామే ఉండే రహస్య జాతి: ఈ నాలుగూ ఒకే చోట చేరితే, పేరు పెట్టకపోయినా పాత బొమ్మ గుర్తుకు వస్తుంది. 1999లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంలోని వాటో అనే పెద్ద ముక్కు వ్యాపారి మీద విమర్శకులు ఇదే మాట అన్నారు. హ్యారీ పాటర్ చిత్రాల్లో బ్యాంకు నడిపే గాబ్లిన్లనే మరుగుజ్జు జీవుల గురించి అమెరికన్ హాస్యనటుడు జాన్ స్టూవర్ట్ మాట్లాడినప్పుడు పెద్ద దుమారం రేగింది. రచయిత్రి యూదు ద్వేషి అని తాను అనలేదని ఆయన ఆ తర్వాత స్పష్టం చేశాడు. ఆ స్పష్టీకరణ అవసరమైనదే. బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, గీసినవారి మనసు ఎలాంటిదన్నది మరొక ప్రశ్న. గాబ్లిన్లకు యూరప్ జానపద కథల్లో తమదైన వంశవృక్షం ఉంది కూడా. నా మట్టుకు నేను రచయితను బోనులో నిలబెట్టడంకంటే, ఆ రూపం తయారుచేసినవారు పాత వ్యంగ్య చిత్రాలను ఒకసారి తిరగేసి ఉంటే బాగుండేదనుకుంటాను.

ప్రశ్న: యూరప్ నేపథ్యంలో నవల రాస్తున్నాను. అందులో ఒక యూదు పాత్ర మోసగాడు. అతడిని తీసేయాలా? లేదా పక్కన ఒక మంచి యూదుడిని పెట్టి తూకం సరిచేయాలా?

జవాబు: రెండూ వద్దు. తూకానికి పెట్టిన పాత్ర గతి ఏమవుతుందో రయా దగ్గర చూశాము.

మోసగాడైన యూదుడిని రాయకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఐజాక్ బాబెల్ అనే యూదు రచయిత రష్యన్‌లో 1920లలో రాసిన ఒడెస్సా నగరపు కథల్లో బెన్యా క్రిక్ అనే యూదు బందిపోటు నాయకుడు దోచుకుంటాడు, బెదిరిస్తాడు, నిప్పు పెట్టిస్తాడు. అయినా అతడిలో మూస వాసన ఉండదు. అతడి చుట్టూ బండి తోలే తండ్రి, ఏడ్చే తల్లులు, పెళ్లి విందులో వడ్డించే ముసలమ్మలు, భయపడే కొట్టు యజమానులు అందరూ యూదులే. అంతమంది మధ్య ఒక బందిపోటు బందిపోటుగానే కనబడతాడు. జాతికి ప్రతినిధిగా కనబడడు. మీ నవలలో యూదు పాత్ర అతడొక్కడేనా? అయితే ఆ ఒంటరితనమే మొదటి చిక్కు.

రెండోది, అతడి మోసానికి కారణంగా కథ ఏది చూపిస్తోందో పరిశీలించండి. అప్పులా, భయమా, అసూయా, అలవాటా? ఇవేవీ చెప్పకుండా అతడు యూదుడన్న సమాచారమే కారణం స్థానంలో కూర్చుంటే, పాఠకుడు మిగతాది తనకు తెలిసిన మూసతో పూరించుకుంటాడు. ముక్కు, గొంతు, చేతుల కదలిక వంటి వర్ణనలు మిగతా పాత్రలకు లేకుండా అతడికే రాశారేమో కూడా చూసుకోండి. అతడు ఎక్కడివాడు, స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన కుటుంబాల సంతతా, పోలండ్ పల్లెవాడా, దైవభక్తి ఉన్నవాడా, ప్రార్థన మానేసి ఇరవై ఏళ్లయినవాడా, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు వంటివి మీకు తెలియకపోతే రాయడం కొన్నాళ్లు ఆపండి.

లోభి అయిన యూదుడిని రాయవలసి వచ్చినప్పుడు ఏమవుతుందో తెలియాలంటే ఆర్ట్ స్పీగల్‌మన్ బొమ్మల గ్రంథం 'మాస్' చదవండి. దానికి 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. నాజీల ఆష్విట్జ్ మరణశిబిరం నుంచి బతికి బయటపడిన రచయిత తండ్రి వ్లాడెక్ ముసలితనంలో ప్రతి పైసా లెక్కపెట్టే మనిషి, వీధిలో పడి ఉన్న తీగముక్కను కూడా ఏరుకుంటాడు. జాతి ద్వేషులు గీసే పిసినారి యూదుడి బొమ్మలాగే తన తండ్రి ఉన్నాడే, ఎలా రాయాలి అని కొడుకు పుస్తకంలోనే మథనపడతాడు. శిబిరాల అనుభవమే అతడిని అలా చేసిందని పాఠకుడు సరిపెట్టుకోబోతుంటే, వ్లాడెక్ రెండో భార్య మాలా అడ్డుపడుతుంది: మా స్నేహితులందరూ శిబిరాలు చూసినవాళ్లే, ఇలా ఎవరూ లేరంటుంది. ఆ ఒక్క మాటతో వ్లాడెక్ పిసినారితనం చరిత్ర నుంచీ జాతి నుంచీ తెగిపోయి, అతడి సొంతమవుతుంది.

ప్రశ్న: యూదులు తమ గురించి తాము రాసుకున్న కథలు ఎక్కడ మొదలుపెట్టాలి? అక్కడ మూసలు ఉండవా?

జవాబు: ఉంటాయి, వాటి మీద ఇంటి తగవులూ ఉంటాయి. అమెరికన్ యూదు రచయిత ఫిలిప్ రాత్ 1959లో ప్రచురించిన తొలి కథలు చదివి కొందరు మతగురువులు, పాఠకులు, యూదుల పరువు బయట తీస్తున్నాడని అతడి మీద విరుచుకుపడ్డారు. కొడుకును ఊపిరాడనివ్వని తల్లి పాత్ర కూడా అమెరికన్ యూదు హాస్యంలోనే పెరిగి పెద్దదై, ఇప్పుడు దానికదే ఒక మూసగా మిగిలింది.

మొదలు పెట్టడానికి నేను షోలెం అలేఖెం తూర్పు యూరప్ యూదుల వాడుక భాష యిడ్డిష్‌లో రాసిన టెవ్యే కథలను సూచిస్తాను. 1894లో మొదలైన ఈ కథల్లో టెవ్యే రష్యా సామ్రాజ్యంలోని ఒక పల్లెలో పాలు అమ్ముకునే నిరుపేద. చేతిలో డబ్బు నిలవదు, నోట ధర్మగ్రంథాల వాక్యాలు ఆగవు, వాటిని సగం తప్పుగా అన్వయించి నవ్విస్తాడు. అతడి కూతుళ్లలో ఒకరైన హావా క్రైస్తవ యువకుడితో వెళ్లిపోయి మతం మారుతుంది. తండ్రి ఆమె చనిపోయినట్టే లెక్కగట్టి సంతాపం పాటిస్తాడు. అడవి దారిలో ఆమె ఎదురుపడితే ఆగకుండా బండి తోలుకుని పోతాడు, పోతూ యూదుడైతేనేం, కాకపోతేనేం అని తనలో తాను ప్రశ్నించుకుంటాడు. జెస్సికా పారిపోయే రంగాన్ని చదివిన విద్యార్థులకు ఆ వెంటనే ఈ కథ చదివించమని మొదటి ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలికి కూడా మనవి చేస్తున్నాను.